నోరు జారిన మర్యాద

చనిపోయినవాడి పని బతికున్నవాడికి అప్పగించేటప్పుడు పెద్దాయన ఎవర్నీ కూర్చోమనడు.

దిమ్మ నిలబడే ఉన్నాడు. పక్కన బాంబు పేలినా రెప్ప వేయడని సీక్రెట్ సర్వీసులో అతనికి ఆ పేరు పెట్టారు. పలకరిస్తే తలూపుతాడు. తిట్టినా అదే తల, అదే ఊపు. అసలు పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు, అప్పుడప్పుడు అతనికి కూడా.

"బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టే ఉన్నాడు మనవాడు. పేపరు తలకిందులుగా ఉందని ఎవరో చూశాకగానీ ప్రాణం పోయిందని తెలీలేదు. మెడ మీద సూదిపోటు" అన్నాడు పెద్దాయన.

"ఎండుటాకు" అన్నాడు దిమ్మ.

సరిహద్దు అవతలి ముఠా పేరు అది. నిప్పు పెట్టేది వాళ్ళు, నింద పడేది ఎవరి మీదో.

పెద్దాయన మ్యాపు పరిచాడు. వచ్చే నెలలో ఒక స్పెషల్ ట్రైన్ వస్తుంది. యుద్ధం ఆపే కాగితం మీద సంతకాలు పెట్టాల్సిన రెండు పక్షాల వాళ్ళూ అందులోనే ఉంటారు. జంక్షన్ దగ్గర పక్కలైనులో పెట్రోలు ట్యాంకర్ల గూడ్సు ఆగి ఉంటుంది. స్పెషల్‌ని మెయిన్ లైను మీంచి తప్పించి ఆ లైనులోకి తోస్తే చాలు. యుద్ధం ఇంకో తరం నడుస్తుంది.

"తోసేది కంట్రోల్ రూమ్ నుంచే. అక్కడ నలుగురు పనిచేస్తారు. మనవాడు చనిపోయే ముందు ఆ పేపరు అంచున రాసిన ఆఖరి కబురు ఒక్కటే. 'ముఠా పెద్ద ఈ గదిలోనే ఉన్నాడు.' అది ఎవరో రాసేలోపే సూది దిగింది."

"నలుగుర్నీ మార్చేస్తే?"

"అప్పుడు మనకి తెలీని ఇంకోచోట చేస్తారు. ఇక్కడైతే కనీసం చోటు తెలుసు. నలుగురిలో కంట్రోలర్ మేడమ్ మన మనిషే. డబుల్ ఏజెంట్. ముఠా ఆమెని తమదనుకుంటోంది. అయితే ఆ పెద్ద ఎవరో ఆమెకి కూడా తెలీదట. నీ కబురు ఆమెకి, ఆమె కబురు నాకు. నువ్వు నాకు ఫోన్ చేయకూడదు. నా కోసం వెతికినా దొరకను, నా ఆఫీసు వారానికో చోట ఉంటుంది."

పక్క కుర్చీలో డాక్టరమ్మ ఉంది. మనుషుల తలకాయల్లో ఏముందో చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం.

"మామూలప్పుడు చూసి మోసపోకు. ఒత్తిడి పెట్టి చూడు. లోపల అణిగి ఉన్నవాడు అప్పుడు బయటికొస్తాడు. వాగుడుకాయ మూగబోతాడు. పద్ధతిగా ఉండేవాడు వస్తువులు విసురుతాడు. తియ్యగా మాట్లాడేవాళ్ళు కరుస్తారు. ఒత్తిడి ఎప్పుడు ఎలా పెడతావో మాత్రం ఎవరికీ చెప్పకు. మన మేడమ్‌కి కూడా."

"మరి అసలు మాట్లాడనివాళ్ళో?" దిమ్మను చూస్తూ అడిగాడు పెద్దాయన.

"వాళ్ళు మొదలెడితే ఆపలేం. ట్రైనింగ్‌లో మీవాణ్ణి నీళ్ళతొట్టిలో ముంచి తీస్తే వాళ్ళింటి గేదె సంగతి ఎత్తుకున్నాడు. వినేవాళ్ళం ముగ్గురం మారాం, గేదె మాత్రం మారలేదు."

దిమ్మ తలూపాడు.

*

ఏసీ మెకానిక్‌గా చేరాడు దిమ్మ. నీలం డ్రెస్సు, టూల్‌బాక్సు, అతికించిన మీసం. జేబులో థర్మామీటరు. అందులో మాట్లాడితే అది మేడమ్ చెవిపోగులోని ముత్యంలో వినబడుతుంది.

కంట్రోల్ రూమ్‌కి కిటికీలు లేవు. గోడంత ప్యానెల్ బోర్డు. దాని మీద పట్టాలన్నీ తెల్లగీతలు, రైళ్ళన్నీ పాకే ఎర్రదీపాలు. బోర్డు ముందు మైకు పట్టుకుని మేడమ్ కూర్చునేది. ఆమె లోపలికొస్తే గది సర్దుకుని కూర్చున్నట్టుండేది. గొంతు ఎంత తియ్యనిదంటే లేటైన రైలు డ్రైవర్లు కూడా ఆమె చేత తిట్టించుకోవడానికి కారణాలు వెతుక్కునేవాళ్ళు.

ఆమె వెనక సిగ్నల్ ఇంజనీర్. నోరు మూతపడని మనిషి. వచ్చిన రోజునే దిమ్మ భుజం తట్టి, "ఏమయ్యా, నీ ఏసీ నయం, అదైనా గుర్రుమంటుంది. నీకు అదీ లేదు" అన్నాడు. మూలన టైమింగ్ క్లర్కు. పెన్సిళ్ళు పొడవు ప్రకారం పేర్చుకుంటాడు. టెలిఫోన్‌ని కూడా అనుమతి అడిగి ఎత్తుతున్నట్టు ఎత్తుతాడు. నాలుగో మనిషి బంట్రోతు. నడుం వంగి, నవ్వు మొహంతో నీళ్ళ గ్లాసులు మోస్తూ తిరుగుతుంటాడు. గదిలో అందరికీ అతను 'నువ్వే'. మేడమ్ అయితే మొహం కూడా చూడకుండా, "ఏయ్, నీళ్ళు పట్రా. ఎక్కడ చచ్చావ్?" అనేది. అంత తియ్యని గొంతూ అతని దగ్గర మాత్రం పులిసేది. అతను నవ్వేవాడు.

రోజూ ఒకసారి మేడమ్ ఏసీ దగ్గరికొచ్చి, "ఏంటి, చల్లబడుతుందా?" అనేది. అది కోడ్.

"గ్యాస్ తక్కువుందండి" అనేవాడు. కొత్త సంగతి లేదని అర్థం.

వారం తిరక్కముందే ఒకరోజు ఆమె వెళ్ళబోతూ ఆగి, "భోంచేశావా?" అంది.

దిమ్మ కంగారుపడ్డాడు. కోడ్ మొత్తం మనసులో తిరగేశాడు. అందులో ఆ మాట లేదు. అడ్డంగా తలూపాడు.

"తిను. మనుషులు మిగలాలి కదా చివరికి" అని వెళ్ళిపోయింది.

అతను అద్దెకున్న గదిలో ఒక మంచం, ఒక గ్లాసు, గోడకి ఒక మేకు. సాయంత్రం మేకుకి చొక్కా తగిలిస్తే ఇంకెవరో నిలబడ్డట్టు ఉండేది. కొన్నాళ్ళకి ఆ చొక్కాని తియ్యడం మానేసి వేరే చొక్కా తొడుక్కోవడం మొదలెట్టాడు. పైన ఇంటి ఓనరు మెట్ల మీద నడిస్తే వినేవాడు. కింద ఎవరో ఎవర్నో అన్నానికి పిలిస్తే వినేవాడు. ఆ రోజు మాత్రం గది తలుపు తీసి చొక్కా వైపు చూసి, "భోంచేశాను" అని పైకే అన్నాడు.

ఆ తర్వాత ఆమె రోజూ అడిగింది. ఆమె 'నువ్వు' అన్నప్పుడల్లా దిమ్మకి కుర్చీ జరిపి కూర్చోమన్నట్టుండేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు, శత్రువులు తప్ప.

*

స్పెషల్ ముందురోజు మిట్టమధ్యాహ్నం దిమ్మ ఏసీ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

కిటికీల్లేని గది కాసేపట్లో పెనంలా కాలింది. అదే వేళకి రైళ్ళన్నీ మీద పడ్డాయి. దిమ్మ నిచ్చెన ఎక్కి ఏసీ మూత విప్పి, అందులో చూస్తున్నట్టు నటిస్తూ కింద చూశాడు.

ముందు ఇంజనీర్ నోరు ఆగింది. వాక్యం మధ్యలో ఆగి, మళ్ళీ మొదలవలేదు. మొహం రాయిలా చేసుకుని, చేతులు మాత్రం గబగబా స్విచ్చుల మీద నడిపించాడు. అంత పనిమంతుడు ఆ మనిషిలో ఉన్నాడని ఎవరూ అనుకోలేదు. తర్వాత క్లర్కు. ఒక ఫోన్‌లో మాట్లాడుతుండగా రెండోది మోగింది. పెన్సిళ్ళు చెదిరాయి. "నేనేమైనా రెండు నోళ్ళతో పుట్టానా?" అని అరిచి, మోగుతున్న టెలిఫోన్‌ని గోడకేసి కొట్టాడు. కొట్టాక దాన్ని ఎత్తి సారీ చెప్పాడు.

మేడమ్ గొంతులో తేనె ఇంకిపోయింది. "నోరుమూసుకుని రెడ్ దగ్గర ఆగు" అంది మైకులో, ఎవరో పెద్ద డ్రైవర్‌ని.

డాక్టరమ్మ చెప్పినట్టే ముగ్గురూ తారుమారయ్యారు. బంట్రోతు మాత్రం మారలేదు. అదే నవ్వు, అదే వంగిన నడుం. వేడికి అలవాటుపడ్డ మనిషిలే అనుకున్నాడు దిమ్మ. తనదీ అదే తీరు కదా. చెమటకి జారుతున్న మీసాన్ని వేలితో నొక్కుకున్నాడు.

బంట్రోతు స్టోర్‌ నుంచి పాత టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టాడు. తిరిగిన కాసేపటికే దాని వైరు బుస్సుమని పొగలు కక్కింది. అతను వంగి దాన్ని పీకబోయాడు.

"మీరు ముట్టుకోకండి, షాక్ కొడుతుంది" అంది మేడమ్.

ఇంజనీర్ గోడ మీది ప్లగ్ స్విచ్చు ఆపాడు. పొగ పోయింది. పని సాగిపోయింది. దిమ్మ నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. నడుస్తున్న మిషన్‌లో ఎక్కడో ఒక నట్టు వదులైన చప్పుడు విన్నట్టుంది. ఎక్కడో తెలియలేదు.

ఏసీ బాగుచేశాక వరండాలో మేడమ్ కలిసింది. గొంతు మళ్ళీ తియ్యగా ఉంది.

"క్లర్కేగా?"

"ఏమోనండి."

"ఇవాళ టెలిఫోన్ విసిరినవాడు రేపేం విసురుతాడో. పెద్దాయనకి చెప్తాను. పొద్దున గేటు దగ్గరే పట్టుకుంటారు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "భోంచేశావా?"

తలూపాడు.

*

పొద్దువాలే వేళ గదిలో మంచం మీద కూర్చున్నాడు. పైన ఓనరు పనివాణ్ణి కేకలేస్తున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? బుర్రుందా?" ఇంతలో ఫోన్ మోగింది. "చెప్పండి సార్. అలాగేనండి. మీరెలా అంటే అలాగేనండి."

ఒకే గొంతు. ఒకే ఊపిరి. దిమ్మ లేచి నిలబడ్డాడు.

మీరు ముట్టుకోకండి.

నెలరోజులుగా 'ఎక్కడ చచ్చావ్' అన్న మనిషిని. కంగారులో ఎవరూ కొత్త మర్యాద నేర్చుకోరు. దాచిపెట్టిన పాత మర్యాదే నోరు జారుతుంది. ఆ బంట్రోతు ఆమెకి 'మీరు'. ఎప్పటినుంచో 'మీరు'. అంటే ముఠా పెద్ద అతనే. అతనెవరో ఆమెకి తెలుసు. ఆమె మన మనిషి కాదు. బెంచీ మీద చనిపోయినవాడు కూడా, ఆ ఆఖరిది తప్ప, తన కబుర్లన్నీ ఆమెకే చెప్పుకున్నాడు.

దిమ్మ థర్మామీటరు చేతిలోకి తీసుకున్నాడు. అందులో మాట్లాడితే వినేది ఆమే. పెద్దాయనకి చేరే దారి ఒక్కటే, ఆ దారి కూడా ఆమే. దాన్ని దిండు కింద పెట్టేశాడు.

కానీ ఒక్క మాట మీద ఇంత కట్టేయొచ్చా? రేపు క్లర్కు గేటు దగ్గర పట్టుబడితే, తాననుకున్నదంతా అబద్ధం. కబురు పెద్దాయనకి చేరినట్టే. ఆమె మనదే.

ఏ పాపమూ ఎరగని ఆ క్లర్కు రేపు పట్టుబడాలని కోరుకుంటూ పడుకున్నాడు దిమ్మ. మేకుకున్న చొక్కా వైపు చూడలేకపోయాడు.

*

పొద్దున గేటు దగ్గర ఎవరూ లేరు. లోపల క్లర్కు తన మూలన కూర్చుని కొత్త టెలిఫోన్‌ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"నమస్తేనండి. నిన్న నా వల్ల ఏమైనా ఇబ్బంది..." అని లేచాడు.

కబురు పెద్దాయనకి చేరలేదని దిమ్మకి అర్థమైంది. తలూపి ముందుకెళ్ళాడు.

బోర్డు మీద స్పెషల్ ఎర్రదీపమై పాకుతోంది. మెయిన్ లైను పచ్చగా ఉంది. కానీ బల్ల కింద, మేడమ్ మోకాళ్ళ దగ్గర, అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి అతికించి ఉంది. నిన్న నిచ్చెన మీంచి చూసినప్పుడు అది లేదు. దాని వైరు బోర్డు వెనక్కి వెళ్తోంది, అంటే బోర్డు చెప్పేది అబద్ధం. బయట పట్టాలు ఇప్పటికే గూడ్సు వైపు తిరిగి ఉంటాయి.

"స్పెషల్, లైన్ క్లియర్. హాయిగా రండి" అంది మైకులో. దిమ్మ వైపు తిరిగి, "చల్లబడుతుందా?"

దిమ్మ కోడ్ జవాబు చెప్పలేదు. వరండాలోకి నడిచాడు. ఆ చివర బ్యాటరీ రూమ్. కరెంటు పోయినా సిగ్నళ్ళు వెలిగేది అక్కణ్ణుంచే. మెయిన్ స్విచ్చూ అందులోనే. రెండూ ఆపితే దారంతా సిగ్నళ్ళు ఆరిపోతాయి. ఆరిన సిగ్నల్ దగ్గర ఏ డ్రైవరైనా ఆపాల్సిందే.

తలుపు ముందు బంట్రోతు. చేతిలో ట్రే, ట్రే మీద తువ్వాలు. తువ్వాలు కింద గ్లాసు లేదు. సైలెన్సర్ మూతి కనబడుతోంది.

"ఇవాళ ఇటు ఎవరూ రాకూడదు బాబూ. మేడమ్ చెప్పారు."

వరండాలో ఇంకెవరూ లేరు. ఒక్క 'టప్' చాలు. ఏసీ బాగుచేస్తూ పడిపోయాడంటారు.

డాక్టరమ్మ చెప్పిన ఒత్తిడి ఇప్పుడు దిమ్మ మీదే పడింది. అదే అతని నోరు తెరిచింది.

"మా ఇంట్లో ఒక గేదె ఉండేదన్నా" అన్నాడు, వరండా అంతా వినబడేలా. "బూడిదరంగుది. ఎవరు పాలు పితికినా తన్నేది. మా నాన్నని తన్నింది, మా బాబాయిని తన్నింది, చూడ్డానికొచ్చిన పశువుల డాక్టర్ని కూడా తన్నింది. మా అమ్మని మాత్రం తన్నేది కాదు. ఎందుకో చెప్పనా? మా అమ్మ దాన్ని 'ఏమండీ' అని పిలిచేది."

గదిలోంచి ఇంజనీర్ తల బయటపెట్టాడు. "ఎవరది? మన మెకానిక్కే? ఓరి నాయనో, రండయ్యా, దిమ్మతిరిగే సంగతి, వీడు మాట్లాడుతున్నాడు." వెనకే క్లర్కు వచ్చాడు, తుడుస్తున్న టెలిఫోన్ చేతిలోనే ఉంది.

తువ్వాలు కదల్లేదు. సాక్షుల ముందు పేల్చలేడు.

"మా నాన్నని మాత్రం ఏనాడూ 'ఏమండీ' అనలేదన్నా. నాన్న వాకిట్లోకొస్తే, 'ఇటు జరుగు, ఆవిడకి దాణా పెట్టాలి' అనేది. ఆవిడంటే గేదె. ఊరంతా నవ్వేది. నేను బడికెళ్తే ఆవిడగారు బాగున్నారా అని అడిగేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు గడ్డివాము అంటుకుంది. మంటలు. అమ్మ పరిగెత్తుకొచ్చి, 'ఏమండీ, మీరు ముందు బయటికి రండి' అని అరిచింది. మా నాన్న తననేమోననుకుని బయటికొచ్చేశాడు. అమ్మ పిలిచింది లోపల కట్టుగొయ్యకున్న గేదెని."

ఇంజనీర్ కడుపు పట్టుకున్నాడు. క్లర్కు కూడా నవ్వాడు, అనుమతి తీసుకోకుండా. దిమ్మ మాట్లాడుతూనే ఒక్కో అడుగు ముందుకేస్తున్నాడు. ఆపుదామన్నా మాట ఆగడం లేదు. ఎన్నేళ్ళ మాటలో అవి.

"అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో పెద్ద ఎవరో మామూలప్పుడు తెలీదు. మంటలప్పుడు తెలుస్తుంది. నిన్న ఫ్యాన్ పొగలొచ్చినప్పుడు మేడమ్ నిన్ను 'మీరు' అన్నారన్నా. నాకు మా గేదె గుర్తొచ్చింది."

నవ్వులు ఆగిపోయాయి.

బంట్రోతు నవ్వు కూడా ఆగింది. నెలరోజుల్లో అదే మొదటిసారి. వంగిన నడుం మెల్లగా నిటారైంది. అంత పొడుగు మనిషని ఎవరికీ తెలీదు.

"నువ్వు చాలా ఎక్కువ మాట్లాడుతున్నావు" అన్నాడు, వేరే గొంతుతో.

"నన్ను ఆ మాట అన్న మొదటి మనిషివి నువ్వేనన్నా."

తువ్వాలు జారింది. తుపాకీ లేచింది. అది పేలేలోగా కొత్త టెలిఫోన్ గాల్లో వచ్చి నేరుగా అతని కణతకి తగిలింది. గుండు పైకప్పులోకి పోయింది. మనిషి కిందపడ్డాడు. దిమ్మ అతని మీద పడ్డాడు.

"స్విచ్చులు. రెండూ. పట్టాలు గూడ్సు వైపున్నాయి" అన్నాడు ఇంజనీర్‌తో, కిందనుంచే.

ఎందుకని అడగలేదు ఇంజనీర్. ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇద్దర్నీ దాటుకుని లోపలికెళ్ళి, రెండు చేతులతో రెండు స్విచ్చులూ దించాడు.

బిల్డింగు మొత్తం మూగబోయింది.

జంక్షన్ దగ్గర డ్రైవర్ కళ్ళముందే పచ్చదీపం ఆరిపోయింది. బ్రేకులు వేశాడు. చక్రాలు నిప్పులు చిమ్ముతూ జారాయి. పక్కలైనులోకి దూరిన స్పెషల్, ఆఖరి ట్యాంకర్ మీద రాసిన 'నిప్పు తేవద్దు' అన్న అక్షరాలు డ్రైవర్ గుడ్లప్పగించి చదువుకునేంత దగ్గరలో ఆగింది.

"వారి దుంపతెగ. ఎవరికి చెబుతున్నార్రా" అన్నాడట అతను.

*

మేడమ్ పారిపోలేదు. చీకటి గదిలో, ఆరిన బోర్డు ముందు కూర్చుని ఉంది. ముత్యపు చెవిపోగు తీసి బల్ల మీద పెట్టింది.

దిమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. అడగాల్సింది ఒక్కటే ఉంది. భోంచేశావా అన్నది, ఎవరైనా అనమంటే అన్నదా? కానీ ఉన్న మాటలన్నీ వరండాలో అయిపోయాయి.

పోలీసులొచ్చి ఆమెని లేపారు. గుమ్మం దగ్గర ఆమె ఆగి, అతని మొహంలోకి చూసింది. భయం లేదు, కోపం లేదు. ఉన్నదల్లా మర్యాద.

"మీ మీసం ఊడిపోతోందండి" అంది.

ఆమె అతన్ని 'మీరు' అనడం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఎంత దగ్గర కూర్చోబెట్టిందో, ఆ ఒక్క మాటతో అంత దూరం నెట్టింది. దిమ్మ మీసం పూర్తిగా పీకేసి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం పెద్దాయన అతన్ని కూర్చోమన్నాడు. అదీ మొదటిసారే.

"పైవాళ్ళకి చెప్పాలి. ఎలా కనిపెట్టావో ఒక్క ముక్కలో చెప్పు."

"వ్యాకరణం సార్."

"బడిలో వ్యాకరణం బాగా వచ్చేదేంట్రా నీకు?"

"తప్పేవాణ్ణి సార్."

పెద్దాయన ఎన్నేళ్ళుగానో తన దగ్గర పనిచేస్తున్న మనిషిని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"భోంచేశావా?"

దిమ్మ తలూపలేదు.

"కోడ్ ఏంటో ముందే చెప్పేయండి సార్" అన్నాడు.